చక్రం ముట్టని ఇంజను

పూసపాటిరేగ దాటి సముద్రం వైపు దిగితే వచ్చే ఆ పేటలో త్రినాథ్‌కి ఉన్న పేరులో ముప్పాతిక భాగం అతని కుడిచెవిదే. బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు అతనిది. ఎవరైనా ఇంజను మోసుకొస్తే ముందుగా విప్పడు. స్టార్ట్ చేయించి, అడుగున్నర పొడవున్న స్క్రూడ్రైవర్ మొనను దానిమీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. విని, "రెండో వాల్వు" అనో, "బేరింగు పోనాది" అనో తీర్పు చెబుతాడు. ఆ తీర్పు తప్పిన సందర్భాలు రెండో మూడో లేకపోలేదు గానీ, వాటిని గుర్తుపెట్టుకున్న మనుషులతో అతను మాట్లాడడు.

ఆ పేటలో చెవి అంటే చిన్న విషయం కాదు. వేటకెళ్ళిన బోట్లు తిరిగొచ్చే వేళకి ఆడవాళ్ళు గంపలు ముందేసుకుని ఒడ్డున కూర్చుంటారు. బోటు కంటికి ఆనకముందే చప్పుడు అందుతుంది. అన్ని బోట్ల చప్పుళ్ళలోంచీ తమ ఇంటి చప్పుడు ఏరుకుని, చీర దులుపుకుని లేస్తారు. త్రినాథ్ తల్లి అలా లేచిందంటే బోటు వచ్చినట్టే. ఒక్కసారి కూడా ఆమె పొరపాటు పడలేదు. ఆమె చెవి కొడుక్కి వచ్చింది. నోరు కూతురు కుసుమకుమారికి వచ్చింది.

ఆ నోటితోనే కుసుమ చేపల వ్యాపారం చేస్తోంది. మెట్టినూరు పది కిలోమీటర్ల దూరం. రోజూ తెల్లారేసరికి ఐసు పెట్టెల్లో చేపలు సర్దుకుని గజపతినగరం వెళ్ళి అమ్ముకుని వస్తుంది. గురువారం మాత్రం ఎండు నెత్తళ్ళు వేసుకుని, సాలూరు ఘాటీలో కొండదారి ఎక్కి, ఒడిశా వైపు సంతకి పోతుంది. పదిహేనేళ్ళుగా ఈ తిరుగుడంతా ఒక డీజిలు వ్యాను మీదే. తోలేదీ తనే. ఆ వ్యానుకి పక్క జిల్లా దాకా వినిపించే గొంతు ఉంది. సైలెన్సరు బిగింపు ఎప్పుడూ వదులే. సోమవారం బాగుంటుంది, శనివారానికి గలగలమంటుంది, ఆదివారం షెడ్డుకి రాక తప్పదు.

ఆదివారం చెల్లెలు వస్తుంది. త్రినాథ్ వ్యాను కింద దూరతాడు. అతని భార్య లక్ష్మణమ్మ కానాగంత చేపల పులుసు పొయ్యి మీద పెడుతుంది. కుసుమ గుమ్మంలో కూర్చుని, వారమంతా ఎవరు ఎవరిని ఏమన్నారో పూసగుచ్చినట్టు చెబుతుంది. ఒక్కోసారి సైలెన్సరు తప్ప వ్యానుకి ఏ జబ్బూ ఉండదు. అయినా త్రినాథ్ ఏదో ఒక నట్టు విప్పి, తుడిచి, మళ్ళీ పెడతాడు. ఆ పని అన్నం ఉడికేదాకా సాగుతుంది. వారం మొత్తంలో అతనికి ఇష్టమైన రెండు గంటలు అవే. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వస్తుందని కూడా అనుకోలేదు.

అలాంటిది ఒక ఆదివారం కుసుమ పులుసు కలుపుకుంటూ, "అన్నియ్యా, వ్యాను మార్చేస్తన్నాను" అంది.

త్రినాథ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దానికేటయ్యింది?"

"ఏటవ్వాల. పదేనేల్లు నిండినాయి. నా పక్కన కూకున్నోలకి నా మాట ఇనిపించడం నేదు."

విజయనగరం షోరూములో రెండు బండ్లు చూసి వచ్చిందట. రెండూ ఈ మధ్యే వచ్చినవి. రెండింట్లోనూ ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ ఉంది, పెట్రోలు ఇంజనూ ఉంది. ఉత్త బ్యాటరీ బండి ఆమెకి వద్దు. ఘాటీ మధ్యలో ఛార్జి అయిపోతే నెత్తళ్ళతో పాటు తనూ ఎండాలి. ఒకటి ప్లగిన్ హైబ్రిడ్. రెండోది రేంజ్ ఎక్స్‌టెండర్. ఏది కొనాలో తేల్చుకోలేకపోతోంది.

త్రినాథ్ ముద్దని తిరిగి కంచంలో పెట్టేశాడు. కొత్త బండి అంటే నట్లన్నీ బిగువుగా ఉన్న బండి. అది షెడ్డుకి ఎందుకొస్తుంది? కాని ఆ మాట అనలేడు కదా. రెండింట్లో కాస్త తన దారికి వచ్చేది ఏదో చూసుకున్నాడు.

"ప్లగిన్ హైబ్రిడ్డే తీసుకో. బ్యాటరీ ఉన్నంతసేపు బ్యాటరీ. అయిపోతే ఇంజను సక్రాన్ని పట్టుకుంటాది. ఇంజనన్నాక సక్రం తిప్పాల గదా. రెండోదాన్లో ఇంజను సక్రాన్ని ముట్టనే ముట్టదట. మూల కూకోని కరెంటు తీస్తాదట. ఆ కరెంటు బ్యాటరీకెల్లి, అక్కణ్ణుంచి మోటారుకెల్లి, ఆ మోటారు సక్రం తిప్పుతాదట. ముద్ద నోట్లో పెట్టుకోడానికి సెయ్యి తల సుట్టూ తిప్పడం ఏటి?"

ఆ రోజు కుసుమతో పాటు భోజనానికి వచ్చిన ఆమె మొగుడు హరిబాబు ఆ మాటకే కాచుకుని ఉన్నాడు. అతను రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు చూస్తాడు. బావ మీద గెలిచే అవకాశాలు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, వాటిని వదులుకోడు.

"రొయ్యల సెరువులో నీల్లకి గాలి పట్టించే సక్రాలున్నాయి గదా బావా. వాటిని మోటారు తిప్పుతాది. కరెంటు పోతే జనరేటరు ఎయ్యడం. జనరేటరు నీల్లలోకి దిగి సక్రం తిప్పుతాదేటి? గట్టుమీదే ఉంటాది. ఒకే ఏగంతో, ఆయాసం నేకుండా తిరుగుతాది. పదేల్లనుంచి ఒక్క రొయ్య సావనేదు."

"రొయ్య ఘాటీ ఎక్కదు గదా" అన్నాడు త్రినాథ్.

"ఎక్కవలసింది నాను" అంది కుసుమ. "మీ ఇద్దరి మాటా కాదు. ఒక గురువారం ఒకటి, ఇంకో గురువారం ఇంకొకటి ఎక్కించి సూస్తాను. అన్నియ్యా, నువ్వు పక్కన కూకోని ఇను."

వినమంది. ఆ ఒక్క మాటకి త్రినాథ్ మెత్తబడిపోయాడు.

మొదటి గురువారం ప్లగిన్ హైబ్రిడ్ వచ్చింది. దానితో పాటు షోరూము నుంచి అనూరాధ వచ్చింది. ఆమె విజయనగరం మనిషి, నాలుగేళ్ళుగా బండ్లు అమ్ముతోంది. ఎవరినీ కాదనకుండా మాట్లాడ్డం నేర్చుకున్న మనిషి. ఎండుచేపల బస్తాలు వెనక పెడుతుంటే మాత్రం ఆమె ముఖంలో రంగులు మారాయి. ఐదు పొరల ప్లాస్టిక్ పరిచాక, "అద్దాలు దించుకుని వెళదామండీ, గాలి బావుంటుంది" అంది.

గజపతినగరం పొలిమేర దాకా బండి నిద్రలో నడిచినట్టు నడిచింది. త్రినాథ్‌కి ఏమీ తోచలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పొలిమేర దాటగానే బ్యాటరీ అడుగంటి, ముందునుంచి చిన్న గుర్రు వినిపించింది. అతని ముఖం వెలిగిపోయింది.

"పట్టుకున్నాది. ఇన్నావా, సక్రాన్ని పట్టుకున్నాది."

ఘాటీ మీద ఇంజను మలుపు మలుపుకీ గొంతు మార్చింది. ఎత్తు వస్తే మూలిగింది, దిగితే ఊపిరి పీల్చుకుంది. త్రినాథ్ డాష్‌బోర్డు మీద స్క్రూడ్రైవర్ ఆనించి వింటూ, "మంచి పిల్ల, సెప్పిన మాట ఇంటన్నాది" అని మెచ్చుకున్నాడు. సంత చేసుకుని దిగారు. ఇంటికొచ్చాక హరిబాబు ఒకటే ప్రశ్న అడిగాడు.

"ఎల్లేటప్పుడు గజపతినగరం దాకా బ్యాటరీ మీద ఎల్లినాది. మరి రోజూ తిరిగొచ్చేటప్పుడు?"

"పెట్రోలే" అంది కుసుమ.

"దూరప్రయాణాలకి అదే మంచిదండి" అంది అనూరాధ. "హైవే మీద గంటల తరబడి పోయేవాళ్ళకి ఇంజను నేరుగా చక్రం తిప్పితేనే కలిసొస్తుంది. రోజూ కొలిచినట్టు ఒకే దారి తిరిగేవాళ్ళకి రెండోది నప్పుతుంది. అందులో బ్యాటరీ పెద్దది. గజపతినగరం వెళ్ళొచ్చినా ఇంకా మిగులుతుంది."

ఆ అమ్మాయి నిజం చెబుతోందని త్రినాథ్‌కి తెలుసు. అందుకే ఆమె మీద కోపం వచ్చింది.

రెండో గురువారం రేంజ్ ఎక్స్‌టెండర్. సాలూరు దాటేదాకా దాని ఇంజను నోరు విప్పలేదు. అన్ని కిలోమీటర్లు వినడానికేమీ లేకపోవడం త్రినాథ్ జీవితంలో అదే మొదలు. పక్క పొలాల్లో కొంగల అరుపు కూడా వినిపించింది. ఘాటీ మొదట్లో టీ దుకాణం ముందు ఆగారు. కొండ ఎక్కేముందు ఛార్జి కాస్త నిలవ చేసుకోడానికి ఒక మీట ఉందని అనూరాధ చూపిస్తే కుసుమ నొక్కింది. నొక్కి, టీ తాగడానికి దిగింది.

నిలబడ్డ బండిలో ఇంజను రయ్యిమంది.

త్రినాథ్ గ్లాసు కింద పెట్టేశాడు. నిలబడ్డ బండి అంత గట్టిగా అరవకూడదు. సరే, కొత్తరకం కదా అని ఓర్చుకున్నాడు. ఘాటీ ఎక్కడం మొదలైంది. మొదటి మలుపు నిటారుగా ఉంది, ఇంజను గొంతు మారలేదు. రెండో మలుపులో కుసుమ యాక్సిలరేటరు తొక్కింది, గొంతు మారలేదు. ఎదురుగా లారీ వస్తే వేగం తగ్గించింది, అప్పుడు ఇంజను ఇంకా గట్టిగా అరిచింది. త్రినాథ్‌కి ముచ్చెమటలు పోశాయి. బండి నడక ఒకటి, ఇంజను పాట ఇంకొకటి. ముప్పై ఏళ్ళుగా బోట్లలో, వ్యాన్లలో అతను విన్న చప్పుళ్ళ ప్రకారం ఆ జబ్బుకి ఒకటే పేరు.

"ఆపు, కుసుమా, ఆపు. క్లచ్చు జారిపోతన్నాది. ఎనక్కి దొర్లిపోతాం."

పదిహేనేళ్ళ అలవాటు. అన్న ఆపమంటే ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్ళింది. త్రినాథ్ తలుపు తీసుకుని దూకి, రోడ్డు వార ఉన్న రాళ్ళు మోసుకొచ్చి వెనక చక్రాల కింద పెట్టాడు. అనూరాధని చెయ్యి పట్టుకుని దింపాడు. బానెట్ ఎత్తించాడు.

"ఈ బండికి క్లచ్చే లేదండి" అంది అనూరాధ.

"అదే గదమ్మా సెప్తన్నాను. పోనాది."

స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడో లేదో, ఇంజను టక్కున ఆగిపోయింది. సరిపడా ఛార్జి ఎక్కింది కాబట్టి దాని పని అది ముగించుకుంది. త్రినాథ్ తలెత్తి, చావు కబురు చెప్పేవాడి గొంతుతో, "అయిపోనాది" అన్నాడు. అప్పుడే కొండ దిగివస్తున్న లారీ డ్రైవరు ఒకడు, రాళ్ళూ ఎత్తిన బానెట్టూ చూసి జాలిపడి ఆగాడు. ఘాటీలో ఆగిన బండిని వదిలిపోవడం ఆ దారిలో మర్యాద కాదు. అతనూ చెవి పెట్టాడు. పనిచెయ్యని ఇంజనుకి ఇద్దరూ చెరోవైపునా చెవులు ఆనించి, "కదలిక నేదు" అని ఒకరితో ఒకరు ఒప్పుకున్నారు.

కుసుమ నడుముమీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత బానెట్ దించింది, రాయి ఒకటి కాలితో పక్కకి తోసింది, రెండోది తియ్యమని అన్నకి చూపించింది. అతను తీశాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఇంజను పలకలేదు, పొగ రాలేదు, బండి మాత్రం నిటారు మలుపు ఎక్కి పైకి వెళ్ళి, అక్కడ చెట్టునీడన ఆగింది.

లారీ డ్రైవరు చాలాసేపు అటే చూశాడు.

"బావూ, అది దేంతో ఎల్లినాది?"

త్రినాథ్ చేతిలో రాయి పట్టుకుని నిలబడ్డాడు. జవాబు తెలుసు. హరిబాబు రొయ్యల చెరువు లెక్కే అది, జనరేటరు గట్టుమీదే ఉంటుంది, చక్రంతో దానికి పనిలేదు. తన చెవి తనని ఇలా నడిరోడ్డు మీద నిలబెడుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. సిగ్గుతో ఆ చెవే ఎర్రబడింది.

ఆ తర్వాత ఆదివారం కుసుమ రాలేదు. షోరూముకి వెళ్ళిందని, రేంజ్ ఎక్స్‌టెండరే తీసుకుంటోందని హరిబాబు ఫోనులో చెప్పాడు. ఘాటీ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే త్రినాథ్‌కి ఎక్కువ బాధ అనిపించింది. "మంచిదే" అని ఫోను పెట్టేశాడు. మరో రెండు ఆదివారాలు గడిచాయి. కుసుమ వ్యానుని అమ్మేసింది. బండి చేతికొచ్చే రోజున పైడితల్లమ్మ గుడి దగ్గర పూజకి రమ్మంటే, ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. లక్ష్మణమ్మ అతని నుదుటిమీద చెయ్యి పెట్టి చూసి, చేపలు కోసుకోడానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం అతను షెడ్డులో రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని, బాగున్న కార్బ్యురేటరు ఒకటి విప్పుతున్నాడు. ఎదురుగా కత్తిపీట ముందేసుకుని లక్ష్మణమ్మ.

"ఎందుకెల్లనేదు?" అంది.

"ఎల్లి ఏటి సెయ్యాల. ఆ బండికి నాతో పనేటి?"

"బండికి నేకపోతే నీ సెల్లికి నేదేటి?"

త్రినాథ్ విప్పిన నట్టు ఒకటి తీసుకుని తుడిచాడు. సముద్రం హోరు వినిపిస్తోంది. ఆ హోరులో కలిసిపోయి, అతని వీపు వెనక పది అడుగుల దూరంలో, కొత్త తెల్లబండి ఒకటి వచ్చి ఆగింది. ముందు అద్దానికి పసుపు కుంకుమ, బంతిపూల దండ. కిటికీ అద్దాలు దించే ఉన్నాయి. ఆ పేట మొత్తంలో చప్పుడు విని మనిషిని చెప్పగల చెవికి ఒక్క ముక్క అందలేదు.

లక్ష్మణమ్మకి అంతా కనిపిస్తోంది. ఆమె ముఖంలో ఒక్క గీత మారలేదు. పైపెచ్చు ఇంకో చేప అందుకుని, "సెప్పు, ఇంటన్నాను" అంది.

"ఏటి సెప్పాల" అన్నాడు త్రినాథ్. "దాని యాపారం దానికుంది, దాని ఇల్లు దానికుంది. పదేనేల్లు ఆదివారం ఆదివారం మన గుమ్మంలోకి తెచ్చినాది ఆ వ్యానే గదా. నాకు సైలెన్సరు బిగించడం రాదనుకున్నావా?"

"రాదేటి?"

"ఊరందరి ఇంజన్లూ బిగిస్తన్నాను, అదొక్కటీ బిగించలేనా. బ్రేకులు సూసినాను, స్టీరింగు సూసినాను, వాటిలో ఒక్కనాడూ ఏమరనేదు. ఆ సైలెన్సరు నట్టు మాత్రం సగమే బిగించి ఒగ్గేసినాను. శనివారానికి గలగలమనాల గదా. బండి బాగుంటే అదెందుకొస్తాది?"

అని, కళ్ళు తుడుచుకోబోయి గ్రీజు పూసుకున్నాడు.

"ఎన్నో ఏట నుంచి?" అంది వెనకనుంచి ఒక గొంతు.

త్రినాథ్ తిరగలేదు. ఆ గొంతు గుర్తుపట్టడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

"ఎప్పుడొచ్చినావు?"

"నా యాపారం నాకుందని నువ్వన్నప్పుడు." కుసుమ బండి దిగి వచ్చి, గుమ్మంలో తను ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుంది. "నాకు మూడో ఏటే తెలిసిపోనాది, అన్నియ్యా. పన్నెండో నెంబరు పానా నా సీటు కిందే ఉండేది."

"మరి బిగించుకోనేదేటి?"

"ఒకపాలి మా ఆయన బిగించీసినాడు. ఎంత గట్టిగా బిగించినాడో, శనివారం సాయంత్రం ఒదులు సెయ్యడానికి నాకు సేతులు పడిపోనాయి."

లక్ష్మణమ్మ కత్తిపీట పక్కకి జరిపి, ఇంక నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రినాథ్ కార్బ్యురేటరు వైపే చూస్తూ ఉండిపోయాడు. చివరికి తన పనివాడి గొంతు వెతుక్కుని, "ఇంజను ఊరికే కూకోబెడితే పాడవుతాది. అప్పుడప్పుడు తిప్పుతుండాల" అన్నాడు.

"అనూరాధ కూడా అదే సెప్పినాది" అంది కుసుమ. "ఎవరికైనా సూపించుకోమన్నాది."

ఆదివారం పదింటికి తెల్లబండి ఎవరికీ వినపడకుండా వచ్చింది. షెడ్డు ముందు ఆగాక కుసుమే గట్టిగా హారను కొట్టింది. త్రినాథ్ చేతులు తుడుచుకుని, బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. కుసుమ గుమ్మంలో కూర్చుని వారం కబుర్లు మొదలుపెట్టింది. గజపతినగరంలో ఎవరో ఎవరినో ఏదో అన్నారట. లోపల పులుసు మరుగుతోంది.

చాలాసేపటికి లక్ష్మణమ్మ బయటికి వచ్చి చూసింది.

"ఏటి ఇంటన్నావు? అది తిరగడమే నేదు గదా."

త్రినాథ్ కళ్ళు తెరవలేదు.

"తెలుసు" అన్నాడు. "ఒచ్చే ఆదివారం కూడా ఒకపాలి సూడాల."